కడలిపువ్వు ఇల్లు మారిన రోజు

కీలుంగ్ రేవులో ఉప్పునీటి చేపల తొట్టి మార్చాలంటే ఎవరైనా ముందు ఖువో సూ-చిన్‌నే పిలుస్తారు. యాభై ఆరేళ్ల మనిషి. ఈత రాదు, సముద్రమంటే మోజూ లేదు. "నేను మార్చిన తొట్టిలో చేప చచ్చిందనే వాళ్లుంటే రమ్మనండి" అంటుంది. ఒక్కసారి తప్ప, అని వెంటనే తనే కలుపుతుంది.

ఆ ఒక్కసారి పని నేర్చుకుంటున్న రోజుల్లో జరిగింది. ముహూర్తం దాటిపోతోందని ఇంటివాళ్లు తొందరపెడితే, అద్దానికి అంటుకున్న కడలిపువ్వును లాగేసింది. అది చూడ్డానికి పువ్వే గానీ ప్రాణమున్న జంతువు. అడుగు చిరిగి, కుళ్లి, తెల్లారేసరికి తొట్టిలో చేపలన్నిటినీ చంపింది. ఆ వాసన తనకు ఇప్పటికీ గుర్తేనంటుంది.

మొన్న లయ్ వాళ్ల ఐసు దుకాణంలోనూ అదే చిక్కు వచ్చిపడింది. పదిహేడేళ్ల కడలిపువ్వు అది. ముసలావిడ లయ్ అమ్మ రోజూ తన చేత్తో రొయ్యముక్క తినిపించి పెంచింది. కొత్త తొట్టిలోకి అన్నీ పదకొండు గంటల లోపే చేరాలని పంచాంగం చూసి చెప్పిందీ ఆవిడే. రాళ్లు, చేపలు చేరిపోయాయి. పాత తొట్టిలో మిగిలింది కడలిపువ్వు, దాన్ని వదలని నారింజరంగు చేపల జంట.

సూ-చిన్ దుకాణంలోని ఐసునే సంచిలో పోసి, కడలిపువ్వు అంటుకున్నచోట అద్దానికి బయటినుంచి ఆనించింది. చల్లదనానికి అది తనంతట తనే వదలాలి.

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా కొడుకు బో-జున్ తొట్టిలో చెయ్యి పెట్టబోయాడు. సూ-చిన్ అతని మణికట్టు పట్టుకుంది.

"తియ్యి తమ్ముడూ. చిరిగిందంటే మీ అమ్మకి నువ్వే చెప్పుకోవాలి."

"టైమైపోతోందక్కా. తర్వాత ఇంట్లో ఏది జరిగినా నామీదే పడుతుంది."

"నా మీద వెయ్యి. నాకు అలవాటే."

"ఈవిడ ధైర్యం చూడు" అని గొణిగాడు గానీ చెయ్యి తీశాడు.

సూ-చిన్ ముసలావిడ వైపు తిరిగింది. "పెద్దమ్మా, ఇంకో అరగంట పట్టచ్చు. మీరు లాగమన్నా నేను లాగను. వేరేవాళ్లని పిలుచుకోండి."

లయ్ అమ్మ కడలిపువ్వును చూసింది. తర్వాత స్టూలు తెచ్చి గోడ గడియారం కింద వేసింది. కొడుకు వారిస్తున్నా ఎక్కి, గడియారం ముల్లు ఒక గంట వెనక్కి తిప్పింది.

"ఇంకా పదే కదరా. కంగారెందుకు? కానివ్వు అమ్మాయ్, నిదానంగా."

ఇరవై అయిదు నిమిషాలకు కడలిపువ్వు మెల్లగా వదిలింది. సూ-చిన్ దాన్ని అరచేతిలో ఎత్తుకుని కొత్త తొట్టిలో రాయి మీద పెట్టింది. కాసేపటికి చేపల జంట దాని రేకుల్లో దూరి కుదురుకుంది. చిన్న చిరుగు కూడా లేదు.

ఆ గడియారం ఇప్పటికీ గంట ఆలస్యంగానే నడుస్తోంది. ఐసు తినడానికొచ్చినవాళ్లు ఎవరైనా సరిచేయబోతే లయ్ అమ్మ చెయ్యి వెయ్యనివ్వదు.