రాసింది నేనే... చదివిందీ నేనే!

ఆళ్ళగడ్డలో మా చిన్నప్పుడు అలారం గడియారాలతో పనే లేదు... తెల్లారేసరికి ఇంటి ముందు కొట్టంలో ఉలి చప్పుడు మొదలయ్యేది. టంగ్... టంగ్... మా నాయన రాతి విగ్రహాలు చెక్కేవాడు. ఆయనతో పాటు ఓబులేసన్న, ఇంకో ఇద్దరు పనివాళ్ళు. మేం పళ్ళు తోముకునే వేపపుల్ల మీద కూడా రాతి దుమ్మే!

ఆ కొట్టం మూలన చెవి విరిగిన నంది ఒకటి ఉండేది. చెక్కుతుండగానే చెవి ఊడిపోయింది. ఇక గుడికి పనికిరాదు కదా... అక్కడే పడి ఉండేది. మేం దాని మీద కూర్చుని బొరుగులు తినేవాళ్ళం. మా అమ్మయితే దాని వీపు మీద తడిబట్టలు ఆరేసేది.

తొమ్మిదో తరగతిలో ఆ నంది మీద ఒక వ్యాసం రాశాను. మా తెలుగు సారు చదివి, "ఏందిమే, ఇంత బాగా రాసినావ్! లేచి అందరికీ చదువు" అన్నారు.

చదివాను... అంటే, పెదాలు కదిలాయి. కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. వెనక బెంచీలో ఎవడో "సార్, బొమ్మ పడతాంది గానీ సౌండ్ రాలే!" అని అరిచాడు. క్లాసంతా ఘొల్లుమంది.

సారు ఆ కాగితం తీసుకుని సుజాతకు ఇచ్చారు. దానిది కంగున మోగే గొంతు. నా నంది గురించి అది గడగడా చదివేసింది. అందరూ చప్పట్లు కొట్టారు... దానికి! నాకు కడుపు మండిపోయింది.

"నంద్యాలలో బడిపిల్లలు రాసినవి చదివే సభ పెడతాండారు. ఈ వ్యాసం పంపిద్దాం. చదివేది మాత్రం సుజాత" అన్నారు సారు.

నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. "నాది నేనే చదువుతా సార్" అన్నాను. అది కూడా ఆయనకు వినపడలేదు, ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది. సారు నవ్వి, "సరే, శనివారం నువ్వు బోర్డు కాడ చదువు, నేను బడి గేటు కాడ నిలబడతా. ఇనపడితే నువ్వు పో, లేకుంటే సుజాత పోతాది" అన్నారు.

ఇంటికి రాగానే నంది ఎక్కి కూర్చుని చదవడం మొదలుపెట్టాను. నాయన తల కూడా ఎత్తలేదు. "ఇనపళ్ళేదు మే" అన్నాడు. గొంతు చించుకున్నాను. "అరుస్తాండావ్ గానీ ఏం చెప్తాండావో తెలీల్యా."

"కొంచేపు ఆ సుత్తి ఆపొచ్చు గదా నాయనా!"

"నువ్వు చదువుతాండావని పని నిలబెడతారా యాడన్నా? బాగా చదివితే అదే నిలబడతాది పో!"

రెండు రోజులు అరిచేసరికి గొంతు బొంగురుపోయింది. ఇక అరిచే ఓపిక లేక మెల్లగా చదువుకుంటూ ఉంటే అప్పుడు పట్టుబడింది కిటుకు... దెబ్బకూ దెబ్బకూ మధ్య కాస్త సందు ఉంటుంది. మాటను ఆ సందులో పెడితే చాలు, అరవక్కర్లేదు! దెబ్బ పడేటప్పుడు ఊరుకోవాలి. ఊరుకున్నప్పుడు కాగితం మీంచి తలెత్తి ఎదుటివాళ్ళ మొహాలు చూడొచ్చు.

అలా చదువుతూ, "మా అమ్మ తడి లంగాలు ఆరేసినా మా నంది కిక్కురుమనలేదు" అనే దగ్గరికి వచ్చేసరికి ఓబులేసన్న సుత్తి ఆగింది. ఆయన పకపకా నవ్వాడు. మిగతా ఇద్దరూ ఆపారు. నాయన ఒక్కడే ఆపలేదు... టంగ్... టంగ్... ఎంత మొండిమనిషో!

శనివారం గేటు దగ్గర నుంచి సారు రెండు చేతులూ పైకెత్తి ఊపారు. నా ఆనందం చూడాలి అప్పుడు!

సారు, నేను, ఎందుకైనా మంచిదని సుజాత... ముగ్గురం నంద్యాల బస్సెక్కాం. నా వంతు వచ్చేసరికి అన్నాల వేళయింది. హాలంతా గోల. టిఫిన్ డబ్బాల చప్పుళ్ళు, కబుర్లు, దానికి తోడు కుయ్యిమనే మైకు. ఇంకో పిల్లయితే ఏడ్చేసేదేమో... నాకు మాత్రం మా కొట్టంలో ఉన్నట్టే అనిపించింది.

మైకు పక్కకు జరిపేశాను. ఒక వాక్యం చదివాను... ఆగాను... తలెత్తి చూశాను. ఇంకో వాక్యం. ముందు వరుస మాటలు మానేసింది. తర్వాత దాని వెనక వరుస. తడి లంగాల దగ్గర హాలంతా ఘొల్లుమంది. చివరికి వచ్చేసరికి నాకు కాగితం అవసరమే లేకపోయింది...

"గుడిలో నందికి ఒక్క శివుడే కనపడతాడు. మా నందికి మేమందరం కనపడతాం."

ఆ తర్వాత చప్పట్లు! అందరికంటే ముందు లేచి కొట్టింది ఎవరనుకున్నారు... మా సుజాతే. ఈసారి ఆ చప్పట్లన్నీ నావే!

బహుమతిగా ఒక స్టీలు క్యారియర్ ఇచ్చారు. బస్టాండులో సారు మా ఇద్దరికీ ఉగ్గాని, బజ్జీ తినిపించారు. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

సాయంత్రం ఇంటికి వచ్చి క్యారియర్ చూపిస్తే నాయన పని ఆపకుండానే, "ఆడ ఏం చదివినావో ఈడా చదువు" అన్నాడు. నంది పక్కన నిలబడి, కాగితం లేకుండానే మొత్తం చెప్పాను. సుత్తి దెబ్బలు పడుతూనే ఉన్నాయి. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి... సుత్తి ఆగిపోయింది. నాయన ఉలి కింద పెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకుని నా వైపు చూశాడు.

"ఇనపడింది మే" అన్నాడు.

నంద్యాలలో వచ్చిన చప్పట్లన్నీ ఒక ఎత్తు, నాయన అన్న ఆ మాట ఒక ఎత్తు. దుమ్ములోనే గెంతులు వేశాను!

ఇప్పుడు ఆ కొట్టాల్లో కోత మిషన్లు వచ్చాయి. వాటి మోతలో మాట పెట్టడానికి సందే దొరకదు. నాయన సుత్తి పట్టడం మానేసి చాలా ఏళ్ళయింది. నేను మాత్రం ఎక్కడ నాలుగు మాటలు రాసుకుని చదవడానికి నిలబడినా, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆ టంగ్ కోసం కాస్త ఆగుతాను...

మీరు రాసింది మొదటిసారి మీరే చదివినప్పుడు, చేతిలో పని ఆపి విన్నది ఎవరు? చెప్పండి... నా పని ఆపి వింటాను.