ఇతను ఏ ఇంటివాడు?

బందరు కోర్టులో నా ప్రాక్టీసంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఈ దావా ఇక్కడ వేయాలా, గుడివాడలో వేయాలా, అవనిగడ్డలో వేయాలా? పమిడిముక్కల వైపు నుంచి వచ్చిన గట్టు తగాదా ఒకటి ఇలాగే ఏ కోర్టుదో తేలకుండా ఏళ్లపాటు నడిచింది. పరిధి తేలేలోపల గట్టే కరిగిపోయింది. రెండు పక్షాలవాళ్లూ రాజీపడిపోయి, కలిసి వచ్చి నన్ను తిట్టి వెళ్లారు. అయినా పరిధి అంటే నాకు ప్రాణం. తోటి లాయర్లు న్యాయం గురించి మాట్లాడతారు. ఆ న్యాయం ఏ గుమ్మంలో అడగాలో చెప్పేది నేను. మా ఇంట్లో వంటగది ఎవరి పరిధిలోకి వస్తుందో ఇంకా తేలలేదని మా ఆయన అంటుంటారు. ఆయన పరిధిలోకే వస్తుందని నేను చాలాసార్లు స్పష్టంగా చెప్పాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోగానే ఫోను మోగింది. చేసింది మా వీధి భాయ్. వాళ్ల నాన్నగారు కలంకారీ అద్దకం చేసేవారు. ఇతను మాత్రం కొత్త పోర్టు పనులు మొదలయ్యాక, ఓడలవాళ్ల అవసరాలు చూసిపెట్టే ఏజెంటుగా మారాడు.

"అక్కా, మా ఓడ మనిషిని మంగినపూడి అవతల పల్లెలో కూర్చోబెట్టేశారు. పోలీసులు కూడా వచ్చారంట. సాయంత్రం ఓడ కదిలిపోతుంది. ఎక్కలేకపోయాడంటే వాడి బతుకు అయిపోయినట్టే!"

దారిలో బండి మీద అరుచుకుంటూ మిగతాది చెప్పాడు. పోర్టు పనులకు యంత్రాలు దించిన ఓడ అది. కదిలే ముందు పనివాళ్లు ఒక పూట ఒడ్డున తిరిగి రావడానికి పాసులు ఇచ్చారు. అందరూ బజారుకు వెళ్తే ఈ ఒక్కడు సముద్రం చూస్తానని వెళ్లాడు. నెలల తరబడి సముద్రంలో ఉన్నవాడికి ఇంకా సముద్రమే కావాల్సి వచ్చిందా అని నాకు ఒళ్లు మండింది. కానీ భాయ్ తరువాత చెప్పిన మాటకు ఆ మంట చల్లారింది. అతని దేశంలో యుద్ధం నడుస్తోంది. అతని వయసు మగవాళ్లు విమానం దిగితే చాలు, పట్టుకుని సైన్యంలో వేస్తున్నారు. అందుకని అతను ఒక ఓడ దిగి ఇంకో ఓడ ఎక్కుతూ ఇంటి మొహం చూడకుండా కాలం గడుపుతున్నాడు. ఇక్కడ కేసు పెడితే పాస్‌పోర్టు తీసుకుంటారు, ఓడ వెళ్లిపోతుంది. కేసు ముగిశాక ఇంటికి పంపిస్తారు. అంటే యుద్ధానికి పంపినట్టే.

అతను చేసిన తప్పు ఏమిటంటే, కొత్త బోటు ఎక్కాడు. బూట్లతో ఎక్కాడు. ఆ పల్లెలో పాత బోటు మీదకే ఎవరూ చెప్పులతో కాలు పెట్టరు. ఇది ఇంకా నీళ్లు చూడని బోటు, పసుపు రాసి, వేపమండలు కట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టబోతున్న బోటు. ఈ మహానుభావుడు ఒక్క గంతులో ఎక్కి, ఫోటో తీసుకుందామని సెల్‌ఫోను పైకెత్తాడు. అంతలో పల్లె మొత్తం చుట్టూ చేరింది. బీచికి వచ్చినవాళ్లెవరో చూసి, విదేశీయుణ్ణి కొట్టేస్తున్నారని పోలీసులకు ఫోను చేశారు. నిజానికి ఎవరూ చేయి వేయలేదు. బూట్లు విప్పించి ఇసుకలో కూర్చోబెట్టారు, అంతే.

మేము వెళ్లేసరికి ఎస్సై గారు చెమటలు తుడుచుకుంటూ ఫోన్లో ఉన్నారు. అవతల, సముద్రం మీది కేసులు చూసే మెరైన్ స్టేషను ఎస్సై గారు. స్పీకరు ఆన్‌లో ఉంది కాబట్టి మాటలన్నీ పల్లె అంతా వింటోంది.

"బోటులో జరిగింది కదండీ, బోటు అంటే మీదే," అన్నారు ఈయన.

"నీళ్లు తగలని బోటు బోటెలా అవుతుందండీ? అది ఇంకా సామాను కిందే లెక్క. ఇసుకలో సామాను మీది."

"ముందు కొస తడిసిందండీ, ఇప్పుడే అల వచ్చింది."

"పోటుకి తడిసిందది. ఆటుకి ఆరిపోద్ది. ఆరాక మీదే!"

నాకు పండగ అయింది. నేనూ అందుకున్నాను. ఓడ జెండా ఒక దేశానిది, యజమాని ఇంకో దేశస్థుడు, కెప్టెనుది మరో దేశం, ఇతనిది నాలుగో దేశం. ఓడ మీద ఉన్నంతసేపూ జెండా ఉన్న దేశపు చట్టం, ఇసుక మీద కాలు పెడితే మన చట్టం, మరి కాలు ఇసుక మీద కాకుండా నేరుగా బోటు మీద పెడితే? వాళ్లిద్దరూ తేల్చుకోలేనంతసేపూ ఎఫ్ఐఆర్ పడదు కదా, అందుకని చిక్కుముడిని ఇంకాస్త బిగించాను. భాయ్ నా చెంగు లాగాడు.

"అక్కా, తేలితే కేసు, తేలకపోతే ఓడ పోద్ది. పొద్దు వాలతా ఉంది చూడు."

అది నిజమే. నేను వెళ్లి సెయిలర్ పక్కన కూర్చున్నాను. తలుపంత మనిషి, ముక్కు తోలు ఊడేంతగా ఎండకు కాలింది. వచ్చీరాని ఇంగ్లీషులో నన్ను అడిగిన మొదటి మాట, ఇక్కడి జైలు ఎలా ఉంటుందని. రెండో మాట, గట్టిగా వాదిస్తే ఎన్నేళ్లు వేయించగలనని. నా సర్వీసులో శిక్ష పెంచమని అడిగిన క్లయింటు అతనొక్కడే. జైలు అయ్యాక ఇంటికి పంపిస్తారని చెప్పాను. ఆ మాట విని మొహం మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

ఇంతలో బోటు యజమానురాలు వచ్చి మా ఎదురుగా నిలబడింది. చేపల వ్యాపారం చేసే మనిషి, గొంతు అవతలి గట్టుకు వినిపిస్తుంది.

"ఏంటండీ లాయరమ్మగారూ, పోలీసులకి ఇచ్చేస్తారా ఏంటి? ఇచ్చేస్తే నా బోటు ఎవరు కడుగుతారు? ఎస్సైగారు కడుగుతారా?"

ఎస్సై గారు బోటుకు కాస్త దూరం జరిగి తన బూట్ల వైపు చూసుకున్నారు.

అప్పుడు పల్లె పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అసలు ఇతను ఏ ఇంటివాడు?" అని అడిగాడు.

నాకు అర్థం కాలేదు. నాలుగో దేశంవాడికి ఇక్కడ ఇల్లేమిటి? పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. వాళ్ల పల్లెలో తప్పు మనిషి మీద వేయరు, ఇంటి మీద వేస్తారు. ఇల్లు లేనివాణ్ణి నిలదీయకూడదు, శిక్షించకూడదు, క్షమించనూ కూడదు. వలలు లాగడానికి దివిసీమ నుంచి కూలికి వచ్చినవాణ్ణి కూడా ముందు ఏదో ఒక ఇంటి లెక్కలో వేసుకుంటారు. అలా వేసుకున్న ఇల్లు, అతను తప్పు చేస్తే బోటు శుద్ధి చేయించి, పల్లెకంతటికీ అన్నం పెట్టాలి. దాన్నే తప్పు కట్టడం అంటారు. పరిధి పిచ్చిలో నన్ను మించినవాళ్లను ఆరోజే చూశాను.

సహజంగానే ఏ ఇల్లూ ముందుకు రాలేదు. అందరూ సముద్రం వైపు చూస్తున్నారు.

"ఇందాక మీతో ఏమంటన్నాడండీ?" అని బోటు యజమానురాలు అడిగింది.

"జైల్లో పెట్టించమంటున్నాడు. ఇంటికి వెళ్తే యుద్ధానికి పంపుతారట."

"వాళ్లమ్మకి తెలుసా, ఇక్కడున్నాడని?"

నేను అడిగాను. అతను చెప్పింది విని, ఆమెకు తెలుగులో చెప్పాను. "తెలుసట. ఫోను చేసినప్పుడల్లా ఇంటికి రావద్దనే చెబుతుందట."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తరువాత పెద్దాయన వైపు తిరిగి గట్టిగా అంది.

"నా ఇంటివాడే బాబాయ్. నా తమ్ముడని వేసుకో."

"ఏమే, మతి పోయిందా? బోటు నీదే, తప్పూ నీ ఇంటిదేనా? మరి తప్పు ఎవరికి కడతావే?"

"నాకు నేనే కట్టుకుంటా. నా ఇష్టం."

పల్లె ఘొల్లున నవ్వింది. ఎస్సై గారు ఆశగా, "అయితే ఫిర్యాదు లేనట్టేనా అమ్మా?" అన్నారు.

"మా తమ్ముడు మా బోటు ఎక్కితే మీకేంటండీ ఫిర్యాదు?"

ఆ తరువాత జరిగినదంతా పరుగు మీద జరిగింది. సెయిలర్ చేత బిందెలతో నీళ్లు పోయించి బోటు కడిగించారు. పసుపు రాయమంటే గోడకు రంగు వేసినట్టు వేశాడు. చేతులు, గడ్డం, చొక్కా అన్నీ పసుపే. కొబ్బరికాయ కొట్టి అందరితో పాటు బోటును తోశాడు. బోటు నీళ్లలోకి వెళ్లింది, అతను బోర్లా పడ్డాడు. తప్పు కట్టిన ఇంటివాడు ముందు తినాలి కాబట్టి చేపల పులుసు అతనికే మొదట వడ్డించారు. రెండు ముద్దలకే కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. అయినా ఆకు ఖాళీ చేసి లేచాడు.

మెరైన్ ఎస్సై గారు మళ్లీ ఫోను చేశారు. "బోటు ఎక్కడుందండీ?"

"నీళ్లలో ఉందండీ."

"అయితే నాదే. ఫిర్యాదేమైనా ఉందా?"

"లేదండీ."

"మంచిది. పరిధి తేలిపోయింది," అని పెట్టేశారు. నా ఇన్నేళ్ల ప్రాక్టీసులో అంత శుభ్రంగా తేలిన పరిధి ఇంకొకటి లేదు.

భాయ్ అతన్ని బండి మీద ఎక్కించుకుని దుమ్ము రేపుకుంటూ వెళ్లాడు. అతను పసుపు చొక్కాతోనే ఓడ ఎక్కాడట. కెప్టెను ఏం జరిగిందని అడిగితే, పెళ్లికి వెళ్లానని చెప్పాడట.

ఇప్పుడు ఆ బోటు యజమానురాలు మా వీధికి కూడా చేపలు తెస్తోంది. బేరానికి ముందు ప్రతిసారీ అడుగుతుంది, యుద్ధం అయిపోయిందా అని. నేను ఫోను చూసి, ఇంకా లేదమ్మా అంటాను. మొన్న కోర్టుకు ఆలస్యమవుతుంటే విసుక్కున్నాను. "ఆ ఓడ మళ్లీ మన వైపు రాదు. అతను మళ్లీ నీకు కనిపించడు. రోజూ ఎందుకు అడుగుతావు?"

ఆమె తట్ట గుమ్మంలో దించి, నన్ను వింతగా చూసింది.

"నాకు కనపడాలనా అండీ? వద్దు వద్దంటన్న ఆ తల్లి, ఇక రారా అని ఎప్పుడు అనగలదా అని అడుగుతున్నా."

చేపలు కోయించుకోవడం కూడా మరిచిపోయి, పొలుసుతో సహా లోపలికి పట్టుకొచ్చేశాను.