కిటికీ తియ్యక్కా

దెయ్యాలు, ఆత్మలు అంటే నవ్వి ఊరుకునే మనిషిని. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది కంకిపాడు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో నా ఉద్యోగం. మా తమ్ముడు కిరణ్‌కి కంప్యూటర్ల పిచ్చి. ప్రాసెసర్‌ని మామూలు కన్నా చాలా ఎక్కువ వేగంతో నడిపించాలని చూసేవాడు. అలా నడిపితే అది విపరీతంగా వేడెక్కుతుంది. అందుకని దాని మీద రాగి గిన్నె బిగించి, అందులో ద్రవ నైట్రోజన్ పోస్తూ గడ్డకట్టేంత చల్లగా ఉంచాలి.

గిన్నె చేయించుకున్నాడు. ఈలోపు జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరాడు. ఇంటికి తిరిగి రాలేదు.

మరుసటి ఏడాది వాడి పుట్టినరోజుకి ఆ పని నేనే చేద్దామనుకున్నాను. వాడు చెబుతుంటే విన్నదీ, వీడియోల్లో చూసిందీ కలుపుకుని, చెమ్మ తగలకుండా బోర్డుకి వాజలిన్ పూసి, మేడ మీద వాడి గదిలో అన్నీ అమర్చాను. విజయవాడ నుంచి నైట్రోజన్ క్యాన్ తెచ్చుకున్నాను. బయట గాలిలో తేమ ఎక్కువని తలుపు, కిటికీ మూసి ఏసీ వేశాను. మిట్టమధ్యాహ్నం. అమ్మ కింద పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

గిన్నెలో కొంచెం కొంచెంగా పోస్తున్నాను. తెల్లటి పొగ బల్ల మీంచి నేల మీదకి జారుతోంది. వాడుంటే గంతులేసేవాడు. మూసిన గదిలో ఆ పొగ మనం పీల్చే గాలిని తోసేస్తుందని, మనిషి తనకే తెలియకుండా పడిపోతాడని నాకప్పుడు తెలియదు.

తల తేలికైనట్టుంటే స్టూలు మీద కూర్చున్నాను. అప్పుడు వెనక, చాలా దగ్గరగా వినపడింది.

"కిటికీ తియ్యక్కా."

తమ్ముడి గొంతు. భయం వెయ్యలేదు. వాడు ఏ పని చెప్పినా విసుక్కుంటూనే లేచేదాన్ని, అలాగే లేచాను. గడియ తీసి రెక్క తోయడం వరకే గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి వరండాలో అమ్మ ఒళ్లో ఉన్నాను.

"నువ్వెందుకొచ్చావమ్మా పైకి?" అన్నాను.

"కిరణ్ పిలిచాడే. అమ్మా, అక్క దగ్గరికెళ్లు అన్నాడు. తడిబట్టలు అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చా."

అప్పుడు నేను విన్నది కూడా చెప్పాను.

గాలి చాలకపోతే లేని మాటలు వినపడతాయని డాక్టరు గారు చెప్పారు. నా వరకు ఒప్పుకుంటాను. కానీ అమ్మ ఆరుబయట ఉంది. వాడి పాత రికార్డింగేదైనా మోగిందా అంటే, ఆ కంప్యూటరుకి స్పీకర్లు తగిలించలేదు. నా ఫోను కింద గదిలో స్విచాఫ్ చేసి ఛార్జింగులో ఉంది. ఎంత ఆలోచించినా నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు.

ఆసుపత్రిలో చివరి రోజుల్లో వాడికి గొంతులో గొట్టం వేశారు. ఏదో చెప్పాలని మా వైపు చూసేవాడు, మాట వచ్చేది కాదు.

ఆ సాయంత్రం అమ్మ పెరుగన్నం కలిపి నాకు ముద్దలు పెట్టింది. చివరి ముద్ద పెడుతూ మెల్లగా అంది.

"గొంతు బాగానే ఉందే వాడికి. ఏం నొప్పి లేదు."