పలకరించడం నేర్పిన బడి

బిస్కెట్ల వాసన నాకిప్పటికీ పడదు. డబ్బా మూత తీయగానే వచ్చే ఆ తియ్యటి ముక్కిన వాసనకి లేచి అవతలికి పోతాను. ఇంట్లో వాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ. వాళ్ళు హిందూపురంలో నేను పనిచేసిన బడి చూడలేదు.

అరవైల మొదట్లో సంగతి. మా ఊరు ధర్మవరం. టీచరు ట్రైనింగు పూర్తికాగానే దొరికిన మొదటి ఉద్యోగం అది. బెల్లం మండీ వెనక ఒక రేకుల షెడ్డు, అందులో నాలుగైదేళ్ళ పిల్లలు. బడి పెట్టినాయన్ని అందరూ కరస్పాండెంటు అనేవాళ్ళు. జర్మనీలో ఎవరో దయగలవాళ్ళు పోగుచేసి పంపే పాలపొడి, బిస్కెట్లు, గుడ్డల మీద ఆ బడి నడిచేది. ఏడాదికోసారి వాళ్ళలో ఒకరిద్దరు చూసిపోవడానికి వచ్చేవాళ్ళు. మిగతా ఏడాదంతా మేము ఆ ఒక్క రోజు కోసం బతకాలి.

"ఈ గడప దాటినాక తెలుగు లేదు, కన్నడం లేదమ్మా. జర్మనీ, ఇంగిలీషు, అంతే. పసిబిడ్డలకి రెండు భాషలు నేర్పే బడి ఈ చుట్టుపక్కల ఇంకోటి చూపించు" అన్నాడు నేను చేరిన రోజునే.

రెండు భాషలట! జర్మన్‌లో ఆయనకి వచ్చింది ఒకటే పలకరింపు. గూటెన్ మోర్గెన్. ఇంగ్లీషులో దానికి జోడీ గుడ్ మార్నింగ్. పిల్లలేమో ఆ బడిలో అడుగుపెట్టకముందే రెండు భాషలవాళ్ళు. కన్నడ సీమ అంచున ఉండే అగళి, అమరాపురం, గుడిబండ వైపు నుంచి టౌనుకొచ్చిన ఇళ్ళ బిడ్డలు. నాతో తెలుగులో చెబుతున్న మాట మధ్యలో ఆపి, పక్కపిల్లతో కన్నడంలో పోట్లాడి, మళ్ళీ నా దగ్గర తెలుగులో అందుకునేవాళ్ళు. ఎక్కడా తడబడేవాళ్ళు కాదు. అది ఆయన దృష్టిలో చదువు కాదు, మోటుతనం.

పలకరింపు ఆయనే స్వయంగా నేర్పేవాడు. నశ్యం మరకల చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుని, ఆ రుమాలు పట్టుకున్న చేత్తోనే పిల్లల గడ్డాలు పైకెత్తేవాడు. ముఖంలో ముఖం పెట్టి "గూటెన్" అని అరిస్తే తుంపర్లు బిడ్డల కళ్ళలో పడేవి. తుడుచుకుంటే దెబ్బ. చూస్తుంటే నాకు ఒళ్ళంతా కంపరమెత్తేది. ఆయన వెళ్ళగానే తడిగుడ్డతో అందరి ముఖాలూ తుడవడమే నా మొదటి పాఠం.

అగళి దగ్గరి పల్లె నుంచి ఒక పాప వచ్చేది. వాళ్ళ నాయనకి సేద్యం, కావలసినంత రాగులూ చెనక్కాయలూ పండే ఇల్లు. చదువు కోసం అవ్వ, మనవరాలు టౌనులో చిన్న ఇల్లు తీసుకుని ఉండేవాళ్ళు. పాప రోజూ పొద్దున గడపలోనే నిలబడి, "టీచరమ్మా, తింటివా?" అని అడిగేది.

"తింటిని పాపా. నువ్వు?"

"సంగటి తింటి."

అప్పుడుగాని లోపలికి వచ్చేది కాదు. మావైపు మనిషికి మనిషి ఎదురుపడితే దండాలూ అవీ తర్వాత, ముందు తింటివా, అన్నం తిన్నావా అని అడగాలి. జవాబు విన్నాకే రెండో మాట. ఆ బిడ్డకి వాళ్ళవ్వ నేర్పిన మర్యాద అది. నాలుగేళ్ళ పిల్ల ముఖం పైకెత్తి, పెద్దమనిషి తరహాలో, నా కడుపు సంగతి కనుక్కుంటుంటే నాకు రోజంతా బాగుండేది. ఆ బడిలో నాకంటూ మిగిలిన ఒకే ఒక్క మంచి సంగతి అది. దాన్నెవరూ చెడగొట్టకుండా చూసుకోవాలని ఉండేది.

ఒకరోజు కరస్పాండెంటు విన్నాడు. పాప చెవి మెలిపెట్టాడు. "వచ్చినోళ్ళ ముందర తిండి మాట ఎత్తినావంటే చూడు! తిండిపోతు ముండ అనుకుంటారు" అన్నాడు. పాప ఏడవలేదు. చెవి పట్టుకుని నావైపు చూసింది. మరునాటి నుంచి గడపలో కాకుండా, నా పక్కకి వచ్చి, గుసగుసగా అడగడం మొదలుపెట్టింది.

ఆ ఏడు చలికాలంలో చూసిపోయేవాళ్ళు వచ్చారు. పొద్దునే వస్తారని పిల్లల్ని తెల్లారేసరికే రప్పించాడు. కొత్త గౌన్లు, చొక్కాలు తొడిగించాడు. గుడ్డలు మరకలవుతాయని పాలు ఇవ్వనీయలేదు, ఇళ్ళ నుంచి తెచ్చుకున్న సద్ది మూటలు విప్పనీయలేదు. వచ్చేవాళ్ళేమో దారిలో పెనుకొండ కోట చూసుకుని, ఎండ నడినెత్తికి వచ్చాక కారు దిగారు. బిడ్డలు గోడకి వాలి నిలబడి ఉన్నారు. పెదాలు ఎండిపోయాయి. నాకు ఆ మనిషి ముఖం మీద ఉమ్మేయాలనిపించింది.

తెల్లజుట్టు పెద్ద దొరసాని, ఆమెతో కెమెరా పట్టుకున్న ఒక దొర. పిల్లలంతా ఒక్క గొంతుతో, మిట్టమధ్యాహ్నం, గూటెన్ మోర్గెన్ అన్నారు, గుడ్ మార్నింగ్ అన్నారు. దొరసాని మురిసిపోయింది. మొదటి వరసలోనే ఉన్న మా పాప ముందుకొచ్చి, ముఖం పైకెత్తి ఆమెని అడిగింది.

"అవ్వా, తింటివా?"

దొరసానికి అర్థం కాలేదు. పాప కాస్త ఆలోచించుకుంది. ఒక భాష తెలియనివాళ్ళకి ఇంకోటి తెలిసి ఉంటుంది కదా.

"అజ్జీ, ఊట ఆయితా?" అంది కన్నడంలో.

పొద్దుటి నుంచి పస్తున్న పిల్ల, వచ్చినమ్మ తిన్నదా లేదా అని రెండు భాషల్లో అడుగుతోంది. ఏమంటోంది అని దొరసాని ఇంగ్లీషులో అడిగింది. కరస్పాండెంటు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. తల వంచి, గొంతు బరువు చేసుకుని, "చాలా ఆకలిగా ఉందంటోంది మేడమ్" అన్నాడు.

దొరసాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంచిలోంచి బిస్కెట్టు తీసి పాప చేతిలో పెట్టింది. పాప దాన్ని తినలేదు. మునివేళ్ళ మీద లేచి, దొరసాని నోటికి అందించబోయింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగి, అరచెయ్యి పైకి తిప్పి, చాచి ఉంచాడు. ఫొటో తీశారు.

నేను ఊరుకోలేదు. నాకొచ్చిన ఇంగ్లీషులో, "ఆకలని కాదమ్మా, మీరు తిన్నారా అని అడుగుతోంది" అన్నాను. "రెండూ ఒకటే మేడమ్" అని ఆయన నవ్వేశాడు. దొరసాని జాలిగా నా భుజం తట్టి, నా చేతిలోనూ ఒక బిస్కెట్టు పెట్టింది. నేనూ అడుక్కుంటున్నాననుకుంది కాబోలు. ఛీ, ఆ బిస్కెట్టు అరచేతి చెమటకి మెత్తబడి అంటుకుపోతే, బయట బొక్కెనలో చెయ్యి ఎంతసేపు కడుక్కున్నానో.

ఆమె కంటనీటికి ఆయన రుచి మరిగాడు. మరుసటి వారం నుంచి కొత్త పాఠం. జర్మన్ పలకరింపు, ఇంగ్లీషు పలకరింపు, తర్వాత ఆయన వెనక నుంచి "తింటివా?" అంటాడు. అనగానే పిల్లలు తల వంచి, కుడిచెయ్యి చాపాలి. సరిగ్గా చాపినవాళ్ళకి డబ్బాలోంచి బిస్కెట్టు ముక్క. "ఇచ్చేదాకా చెయ్యి దించకూడదు" అనేవాడు. నిన్నటిదాకా నోటెత్తనివ్వని మాటని తెచ్చి, బిడ్డల చేత అడుక్కోవడానికి వాడుకున్నాడు. ఈ రోత పాఠం నేను చెప్పనన్నాను. అయితే నీతో పని లేదు పొమ్మన్నాడు. ఊరికి పోవడానికి ఏర్పాట్లు చూసుకునేసరికి కొన్నాళ్ళు పట్టింది. ఆ కొన్నాళ్ళూ నేను బడి గడప తొక్కలేదు, పాఠం ఆయనే చెప్పుకున్నాడు.

ధర్మవరం రైలెక్కే రోజు పొద్దున పాప ఇంటికి వెళ్ళాను. అవ్వ పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. నన్ను చూడగానే, "రామ్మా, తింటివా?" అని పీట వాల్చింది. "తినలేదవ్వా" అని కూర్చున్నాను. ఆ బడి మాన్పించమని చెబుదామని వచ్చాను. ఇంతలో నా గొంతు విని పాప లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. ఎన్నాళ్ళయిందో చూసి. ఈసారి నేనే ముందు పలకరించాను.

"పాపా, తింటివా?"

పరుగు ఆగిపోయింది. పాప తల వంచింది. కుడిచెయ్యి నా ముందుకు చాపింది.

సంగటి ముద్ద పళ్ళెంలో పెట్టబోతున్న అవ్వ అట్లాగే ఉండిపోయింది. "ఏందే అది? మనింట్లో ఏం లేదని చెయ్యి చాపుతాండావే?" అంది.

పాప చెయ్యి దించలేదు. ఇచ్చేదాకా దించకూడదని బడిలో చెప్పారు.