నాగాయలంక రేవులో అక్క ట్యూబు సవారీ

మా అక్క రత్తమ్మ చల్లపల్లి మార్కెట్లో చేపలమ్ముతుంది. మా ఇంటి మగవాళ్లంతా కృష్ణలో వలలేసినవాళ్లే గానీ అక్కకు మాత్రం ఈత రాదు. నేను విజయవాడలో ఆడపిల్లలకు ఈత నేర్పుతాను. నాగాయలంక దగ్గర పడవ వెనక పెద్ద గాలి ట్యూబు కట్టి, మనుషుల్ని కూర్చోబెట్టి లాగుతున్నారని అక్కకెవరో ఫోన్లో చూపించారట. "ఒక్కసారన్నా దానిమీద ఎక్కాలే" అంది. బేరాలు తక్కువుండే మంగళవారం చూసుకుని బయల్దేరాం.

ఉదయం ఆరింటికి విజయవాడలో అవనిగడ్డ బస్సెక్కాను. ఆటోనగర్ దాటేసరికి సీట్లు నిండిపోయాయి. పామర్రులో బస్సాగితే ఇడ్లీ పొట్లం కట్టించుకున్నాను. చల్లపల్లిలో అక్క పంజాబీ డ్రస్సులో ఎక్కింది. "చీర వద్దన్నావుగా, కోడలిది వేసుకొచ్చా" అని సిగ్గుపడుతూ నవ్వింది. అవనిగడ్డలో బస్సు మారి, పదింటికల్లా నాగాయలంక రేవులో ఉన్నాం.

అక్కకిచ్చిన లైఫ్ జాకెట్ భుజాల దగ్గర పట్టి లాగితే చెవులదాకా వచ్చేసింది. మార్పించి, బకిల్స్ బిగించి, నడుంలోతు నీళ్లలో వెల్లకిలా తేలించాను. మొదట నా మెడ వదల్లేదు. జాకెట్టే తనను మోస్తోందని తెలిశాక చేతులు చాచి హాయిగా పడుకుంది.

"పడితే పట్టు వదిలెయ్. తాడు చేతికి చుట్టుకోకు. తేలాక చెయ్యెత్తు" అన్నాను.

పడవలో డ్రైవర్ ఒక్కడే ఉన్నాడు. "వెనక చూడ్డానికి ఇంకో మనిషి లేరాండీ?" అనడిగాను.

"అద్దముంది కదండీ, నేను చూసుకుంటా."

"మీరు ముందు చూడాలండీ. ఇంకొకరు కూర్చుంటేనే ఎక్కుతాం."

మా వెనక వరసలో నిలబడ్డ, ఉయ్యూరు నుంచి వచ్చిన ఓ పెద్దాయన విసుక్కున్నాడు. "ఎంతసేపమ్మా? ఎండెక్కిపోతోంది." నేను కదల్లేదు. చివరికి ఆయనే, "సరే, నేను కూర్చుంటా. ఏం చెయ్యాలో చెప్పండి" అన్నాడు. మా మీదనుంచి చూపు తిప్పొద్దని, నేను అరచెయ్యి ఎత్తితే పడవ ఆపించమని చెప్పాను.

అక్కా నేనూ ట్యూబుమీద పక్కపక్కనే కూర్చున్నాం. పడవ కదిలింది. నీటిపొడి మొహాన కొడుతుంటే అక్క చిన్నపిల్లలా కేకలు పెట్టింది. అంతలో పడవ మలుపు తీసుకుంది. ట్యూబు ఎగిరిపడింది. పక్కకు చూస్తే అక్క లేదు.

నేను చెయ్యెత్తాను. "ఆపవయ్యా, ఆమె పడింది!" అని పెద్దాయన అరిచాడు. పడవ ఆగింది. వెనక నీళ్లలో నారింజరంగు జాకెట్, దానిపైన నిటారుగా ఎత్తిన అక్క చెయ్యి. అటుగా వస్తున్న చేపల పడవవాళ్లు ఆ చెయ్యి చూసి, ఆమెకు తగలకుండా దూరంగా తప్పుకున్నారు.

మా డ్రైవర్ పడవను వెనక్కి పోనిచ్చాడు. "రివర్స్ వద్దండీ! చుట్టూ తిరిగి రండి. దగ్గరయ్యేలోపే ఇంజన్ ఆపెయ్యండి, కింద పంకా తిరుగుతుంటుంది" అని అరిచాను. అతను అలాగే చేశాడు. పెద్దాయనా అతనూ కలిసి అక్కను పైకి లాగారు.

అక్క నీళ్లు ఉమ్మి, జుట్టు వెనక్కి తోసుకుంది. "మళ్లీ తిప్పమను" అంది.

రెండో సవారీలో మలుపులు నెమ్మదిగా తిప్పించాం. తర్వాత ఉయ్యూరు పెద్దాయన ట్యూబెక్కితే వెనక్కి చూస్తూ నేను కూర్చున్నాను. మధ్యాహ్నం మెస్సులో చేపలపులుసు భోజనం. ముక్క నిన్నటిదని అక్క తేల్చేసింది గానీ విస్తరి ఖాళీ చేసింది.

మీరూ వెళ్లండి, నిక్షేపంగా ఎక్కండి. జాకెట్ సరిపోయిందో లేదో చూసుకోండి, వెనక చూసే మనిషి లేనిదే పడవ కదలనివ్వకండి. ఎవరు విసుక్కున్నా పర్వాలేదు. ఆ జాగ్రత్త వల్లే మా అక్క భయం లేకుండా రెండోసారి ఎక్కగలిగింది.

సాయంత్రం తిరుగు బస్సులో పక్కసీటావిడ మా తడిజుట్లు చూసి, "సాగర సంగమంలో స్నానానికెళ్లారామ్మా?" అనడిగింది.

"కాదండీ," అంది అక్క, బస్సంతా వినపడేలా. "ఆడుకోడానికెళ్లాం."