పొద్దు చూడని మిషను

షమాకు నోటికంటే ముందు చెయ్యి లేస్తుందని బెళుగుప్పలో అందరికీ తెలుసు. బడిలో జడ పట్టి లాగినవాడి నుదురు పలకతో పగలగొట్టింది. పాలిటెక్నిక్‌కు పోయే రోజుల్లో, బస్సులో కావాలని కాలు తొక్కి ఇకిలించినవాడి మూతి టిఫిన్ క్యారియర్‌తో వాయించింది. బెంగళూరులో ఒక కంపెనీవాళ్లు సర్వర్ల గదిలో ఉద్యోగం ఇస్తే, ఇకనైనా కుదురుగా ఉంటుందిలే అని తల్లి మస్తానాబీ దర్గాలో చక్కెర పంచింది. ఆ చక్కెర తీపి పోకముందే, నడుం మీద చెయ్యేసిన పైఅధికారి దవడ వాచిపోయింది. షమా పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేసింది. నన్నడిగితే ఆ దవడ ఇంకాస్త వాచాల్సింది. కానీ ఉద్యోగాలిచ్చేవాళ్లు నన్నడగరు.

సర్వర్ల గదిలో నేర్చిన విద్య మాత్రం ఆమెతోనే వచ్చింది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మౌసుతో పనిలేదు. లినక్సు టెర్మినల్ అంటారు. మామూలు కంప్యూటరుకు ఏదైనా చెరిపెయ్యమని చెబితే, నిజంగానే చెరపాలా అని ప్రాణం తీస్తుంది. టెర్మినల్ అట్లా అడగదు, చెప్పింది చెప్పినట్టు చేసి ఊరుకుంటుంది. షమాకు అది నచ్చింది. ఎదురు ప్రశ్నలు వేసేవాళ్లంటే ఆమెకు మొదటినుంచీ పడదు. ‘గ్రెప్’ అని కొట్టి ఒక మాట ఇస్తే చాలు, బస్తా శనగల్లోంచి పుచ్చు గింజల్ని ఏరి దోసిట్లో పోసినట్టు, ఎంత పెద్ద ఫైలులోనైనా ఆ మాట ఉన్న వరసల్ని ఏరి చూపిస్తుంది. ‘మ్యాన్’ అని కొడితే ఏ ఆజ్ఞ ఏం చేస్తుందో విడమరిచి చెబుతుంది. ఇక ‘క్రాన్’ ఉంది. ఏ వేళకు ఏ పని చెయ్యాలో అందులో ఒక్క వరస రాసి పెడితే, మనం నిద్రపోయినా, ఊళ్లో లేకపోయినా, అది ఆ వేళకు ఆ పని చేసి తీరుతుంది. తర్వాత అంత రక్తం కారింది ఆ క్రాన్ వల్లే.

షమా తండ్రి కరీం సాబ్ బోరు మోటార్ల మెకానిక్. ఊరికి పడమట నారాయణప్ప, ఓబన్న అనే అన్నదమ్ముల చేలున్నాయి. వాళ్ల నాయన బతికుండగా వేయించిన బోర్లన్నీ దుమ్ము కక్కాయి, ఒక్కదాంట్లో నీళ్లు పడ్డాయి. ఆయన పోయాక అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు, గొర్రెలు పంచుకున్నారు, సిగ్గులేకుండా అమ్మ కాళ్ల కడియాలు కూడా చెరొకటి పట్టుకుపోయారు. బోరును పంచుకోవడం మాత్రం వాళ్ల వల్ల కాలేదు. వాల్వు దగ్గర కొట్టుకుని ఒకసారి నారాయణప్ప తల పగిలింది, ఇంకోసారి ఓబన్న ముందుపళ్లు రాలాయి. చివరికి పెద్దమనుషులు కూర్చుని, వాల్వు తిప్పే పనిని ఇద్దరికీ ఏమీ కానివాడి చేతిలో పెట్టారు. వెనకటి రోజుల్లో చెరువు నీళ్లు వంతులేసి పంచే నీరుగంటి ఉన్నట్టు ఆ బోరుకు కరీం సాబ్ ఉన్నాడు. మూడు ఫేజుల కరెంటు పొద్దెక్కాక వచ్చి పొద్దుగూకే ముందు పోతుంది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నీళ్లు అన్నకు, అక్కణ్నుంచి తమ్ముడికి. వాల్వు మీద అన్నదమ్ములిద్దరిలో ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. వేస్తే ఆ చేతికి ఏం జరిగినా అడిగే దిక్కుండదని కట్టడి చేశారు.

కరీం సాబ్‌కు చేతి గడియారం లేదు. తన నీడ పాదాల కిందికి వచ్చి అవతలికి జరగడం చూసి వాల్వు తిప్పేవాడు. ఆయన తిప్పాక ఆ ఇద్దరిలో ఒక్కడూ నోరెత్తింది లేదు. ఇద్దరూ ఆయన్ని మామా అనేవాళ్లు.

పోయిన ఏడాది ఒక బోరులోంచి పైపులు పైకి లాగుతుంటే గొలుసు తెగింది. పైపుల బరువంతా ఆయన కుడికాలి మీద పడి ఎముక చీలికలైపోయింది. లోపల ఇనుప కడ్డీ వేసి కాలు నిలబెట్టారు గానీ, చంకలో కర్ర లేనిదే అడుగు పడదు. ఎండలో కుంటుకుంటూ చేనికి పోతున్న తండ్రిని చూసి షమాకు ఒళ్లు మండింది. అరచేతి అంత లినక్సు బోర్డు తెచ్చింది, కరెంటుతో తిరిగే, అవసరమైతే పిడి పట్టి చేత్తోనూ తిప్పగలిగే వాల్వు తెచ్చింది, రెండింటినీ రాత్రీ పగలూ ఉండే సింగిల్ ఫేజు కరెంటుకు తగిలించి బోరు పక్క షెడ్డులో బిగించింది. క్రాన్‌లో రెండు వరసలు రాసింది, ఒకటి అన్న వేళకు, ఒకటి తమ్ముడి వేళకు. బోర్డు సెల్ టవరు ద్వారా సరైన టైము తెలుసుకునేది. షమా ఇంట్లో కూర్చునే టెర్మినల్లోంచి దాన్ని కనిపెట్టుకుని ఉండేది.

కరీం సాబ్ షెడ్డులో కూర్చుని ఆ బోర్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి పొద్దు కనపడతాదా?" అని అడిగాడు.

"పొద్దుతో దీనికేం పని నాయనా? దీనికి టైముండాది. మనిషే అక్కర్లేదు ఇంక."

కూతురు చేసిందంటే సాబ్ చేసినట్టేలే అని అన్నదమ్ములూ ఒప్పుకున్నారు. చలికాలమంతా వంతు తప్పకుండా నడిచింది.

ఏప్రిల్‌లో రోడ్డు వెడల్పు చేస్తూ కేబుల్ తెంచేశారు, టవరు మూగబోయింది, ఊళ్లో ఫోన్లూ ఆగిపోయాయి. దానికి తోడు లైను పని అంటూ పొద్దున్నే కరెంటు మొత్తం తీసేసి, బుద్ధి పుట్టినప్పుడు ఇస్తున్నారు. షమా అప్పుడు రాయదుర్గంలో ఉంది. జీన్స్ కుట్టే యూనిట్ ఒకటి తన పాత కంప్యూటర్లన్నిటికీ లినక్సు ఎక్కించమంటే పోయింది. బోరు దగ్గరి బోర్డు తనకు అందడం లేదని ఆమెకు తెలుసు. చెప్పింది చేసేదే కదా, దానికేం అని వదిలేసింది.

ఆ వేసవికి ఓబన్న టమాట వేశాడు. కాయ రంగు తిరిగే వేళకు నీళ్లు రావడం మానేశాయి. మధ్యాహ్నమంతా పైపు నోరు తెరుచుకుని ఎండిపోయి ఉండేది. సాయంత్రం కరెంటు పోయే ముందు కాసిన్ని కారి ఆగిపోయేవి. పక్క చేలో అన్న చీనీ బత్తాయి చెట్ల పాదులు మాత్రం నిండుగా మెరుస్తున్నాయి. ఓబన్న వచ్చి అడిగితే, మిషను చూసుకుంటాదప్పా, షమా రానీ అన్నాడు కరీం సాబ్. మర్నాడూ నీళ్లు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఆకు మాడింది, కాయకు మచ్చ పడింది. ఓబన్న కడుపు మండిపోయింది.

షమా రాయదుర్గం బస్సు దిగేసరికి మస్తానాబీ రోడ్డు మీదే నిలబడి గుండెలు బాదుకుంటోంది. "మీ నాయన్ని ఓబన్న ఈడ్చకపోయినాడే! బోరు కాడికి!"

ల్యాప్‌టాప్ సంచి భుజాన ఎగురుతుంటే షమా చేలకు అడ్డంపడి పరిగెత్తింది.

బోరు దగ్గర కరీం సాబ్ దుమ్ములో పడి ఉన్నాడు. చంక కర్ర రెండు ముక్కలైంది, పెదవి చీలింది. ఓబన్న మచ్చుకత్తి పట్టుకుని ఆయన మీదికి వంగి అరుస్తున్నాడు. "ఎంతకు అమ్ముడుపోయినావు రా సాబూ? వాల్వు తిప్పింది నువ్వా, మా అన్నా?" మామా అని పిలిచిన నోరే అది.

"ఎవరూ తిప్పలేదప్పా. ఈడిదాకా నడిచే శక్తి నాకు యాడుండాది?"

"అయితే వాడే తిప్పినాడు!"

అప్పుడే నారాయణప్ప పార పట్టుకుని వచ్చాడు. "ముసలాయన్ని కొడతావా రా, సిగ్గులేనోడా!" అంటూ తమ్ముడి వీపు మీద ఒక్కటి వేశాడు. ఓబన్న గిరుక్కున తిరిగి, ముందూ వెనకా చూడకుండా కత్తి విసురుగా తిప్పాడు. నారాయణప్ప అడ్డం పెట్టిన చేతికి తగిలింది. వేళ్లు తెగి మట్టిలో పడ్డాయి. ఆయన వాటిని చూశాడు, తన చేతిని చూసుకున్నాడు, మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"వాల్వు మీద చెయ్యేస్తే ఏమైతాదో కట్టడి ఉండాది కదా! అదే అయింది!" అని ఓబన్న కేకలు పెట్టాడు.

షమా కంటికి తండ్రి నోటి రక్తం తప్ప ఇంకేమీ కనపడలేదు. షెడ్డు గోడకు ఆనించిన పైపు పానా ఎత్తి ఓబన్న ఎడమ భుజం మీద బలమంతా పెట్టి కొట్టింది. లోపల ఏదో పటుక్కుమంది. కత్తి జారిపోయి వాడు కిందపడి, లేచి, కుడి పిడికిట ఆమె జుట్టు పట్టి మొహాన్ని షెడ్డు తలుపుకేసి కొట్టాడు. కనుబొమ చీలి కన్ను ఎర్రబడింది. కరీం సాబ్ పాకుతూ వచ్చి వాడి కాలు పట్టుకుంటే, వాడు ఇనుప కడ్డీ వేసిన కాలిని మడమతో తొక్కాడు. ముసలాయన పెట్టిన కేకకు చేలో కొంగలు లేచిపోయాయి. షమా పానా రెండు చేతులా ఎత్తింది. ఈసారి భుజం కాదు, వాడి నడినెత్తి.

"షమా! వద్దు!" తండ్రి ఆ నొప్పిలోనే అరిచాడు. "ముందు మిషన్ను అడుగు. ఎవరు తిప్పినారో అది చెప్తాది కదా. అడుగు!"

"అడుగు," అన్నాడు ఓబన్న, జారిన కత్తిని మళ్లీ అందుకుని రొప్పుతూ. "మా అన్న చెయ్యి ఉంటే తల కూడా తీస్తా. మీ నాయన చెయ్యి ఉంటే ఆయనదీ తీస్తా."

చుట్టూ జనం చేరారు. చూడ్డానికి చేరారు గానీ అడ్డుపడింది ఒక్కడు లేడు. అట్లాంటివాళ్లను ఏమనాలో నాకు తెలుసు, రాయడానికే బాగుండదు.

షమా షెడ్డులో ల్యాప్‌టాప్ తెరిచి బోర్డుకు వైరు తగిలించింది. నల్ల తెర వచ్చింది. కనుబొమ నుంచి రక్తం మీటల మీద పడుతుంటే కొంగుతో తుడిచింది. చాన్నాళ్లుగా చూడని మిషను ముందు కూర్చుంటే ఆమె చెయ్యి మొదట కొట్టేది ఒక్కటే, ‘డేట్’. ఇప్పుడు టైమెంత అని అడగడం. ఎంటర్ నొక్కింది.

పొద్దున తొమ్మిది అంది బోర్డు.

షమా షెడ్డు గుమ్మంలోంచి బయటికి చూసింది. జనం నీడలు పాదాలు దాటి అవతలికి జరిగాయి. ఏం జరిగిందో ఆమెకు అర్థమైంది. అంత చిన్న బోర్డుకు సొంత గడియారం ఉండదు. కరెంటు పోతే, పోయినప్పటి వేళనే గుర్తుంచుకుని, మళ్లీ రాగానే అక్కణ్నుంచి లెక్క మొదలుపెడుతుంది. టవరు ఉంటే అడిగి సరిచేసుకునేది. టవరు లేదు. కరెంటు పోయిన ప్రతిపొద్దూ అది ఇంకాస్త వెనకబడింది. క్రాన్ మాత్రం చెప్పింది చెప్పినట్టు, ఆ దొంగ టైముకే వాల్వు తిప్పింది. ఇదంతా ఆమెకు చదువుకున్న రోజునుంచీ తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

టైము సరిచెయ్యడానికి ఒక్క వరస చాలు. షమా ఆ వరస కొట్టింది కూడా. ఎంటర్ మీద వేలు ఆగింది. నొక్కితే ఇక ఎవరికీ ఏమీ తెలియదు. నారాయణప్ప తిప్పాడని చెప్పొచ్చు. ఆయన వేళ్లు ఎట్లాగూ పోయాయి, ఓబన్న చేసింది కట్టడి ప్రకారమే అయిపోతుంది, నాయన ప్రాణంతో ఇంటికొస్తాడు. నొక్కకపోతే, ఆ వేళ్లు తెగింది తన వల్లే అని చెప్పాలి, అదీ కత్తి పట్టుకున్నవాడికి. జీవితంలో మొదటిసారి ఆమెకు భయం వేసింది.

"ఏమంటాది మా?" అని దుమ్ములోంచి తండ్రి గొంతు వినిపించింది.

షమా కొట్టిన వరసను ఒక్కో అక్షరమే చెరిపేసింది. ల్యాప్‌టాప్‌ను గుమ్మం వైపు తిప్పింది.

"ఓబన్నా, దీంట్లో టైమెంతుండాది?"

వాడు వంగి చూశాడు. "తొమ్మిది."

"తలెత్తి పొద్దును చూడు."

చూశాడు. తెగిన చేతిని పంచెకొంగుతో అదిమిపట్టుకుని నారాయణప్ప కూడా చూశాడు. అక్కడున్నవాళ్లలో పొద్దును చూసి వేళ చెప్పలేనివాడు లేడు.

"వాల్వును ఎవరూ ముట్టలేదు. మా నాయనా ముట్టలేదు, మీ అన్నా ముట్టలేదు. మిషనుకు ఇంకా నీ వంతు వేళ కాలేదు, అంతే. టైము తప్పుతాదని తెలిసి కూడా చూసుకోనిది నేను. నరకాలంటే నన్ను నరుకు."

మచ్చుకత్తి లేచింది. షమా కన్ను మూయలేదు. కత్తి ఆమె పక్కనుంచి దిగి బోర్డు మీద పడింది. మళ్లీ లేచింది, మళ్లీ పడింది. ముక్కలు ఎగిరి గోడకు తగిలాయి. నరకడానికి ఇంకేమీ మిగలనిదాకా నరికి, ఓబన్న కత్తి పారేసి బయటికి వచ్చి నేలమీద పాకడం మొదలుపెట్టాడు. అన్న వేళ్లను వెతుకుతున్నాడు. దొరికినదాన్ని దొరికినట్టు మట్టి ఊది, తువ్వాల్లో పెట్టుకుంటున్నాడు.

"అడిగింటే చెప్పేవాణ్ని కదరా," అన్నాడు నారాయణప్ప. "నువ్వు నన్ను అడగనే లేదు."

ఓబన్న దగ్గరికి జరిగాడు. అన్న చేతిని తన గుండెకు అదిమిపట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఎవరో ఆటో తెచ్చారు. అన్నదమ్ములిద్దరూ అదే ఆటోలో ఆసుపత్రికి పోయారు. పోలీసులు వస్తారని వినగానే జనం ఎక్కడివాళ్లక్కడ జారుకున్నారు.

షమా తండ్రి పక్కన కూలబడింది. "కాలు ఎట్లుండాది నాయనా? పోదాం పా, మనమూ ఆసుపత్రికే పోదాం."

కరీం సాబ్ కూతురి కనుబొమ మీది రక్తం బొటనవేలితో తుడిచాడు. కోప్పడతాడేమో అనుకుంది ఆమె. ఆయన తన నీడవైపు చూసుకుంటున్నాడు.

"పొద్దు వాలి చానాసేపైంది. నన్ను వాల్వు కాడికి తీసకపో."

"ఎందుకు?"

"ఓబన్న వంతు."

"నిన్ను తొక్కినోడికా నీళ్లు?" అంది షమా.

"తొక్కినాడు. వంతు మాత్రం వానిదే కదమ్మా. నాకు కాలు లేదు, నువ్వు పట్టుకో."

షమా భుజం వంచింది. ఆయన బరువంతా ఆమె మీద వేసి, ఒంటికాలి మీద గెంతుతూ, నొప్పికి పళ్లు బిగించి వాల్వు దాకా వచ్చాడు. పిడి బిగుసుకుపోయి ఉంది. ఆయన చేతుల మీద షమా తన చేతులు వేసింది. ఇద్దరూ కలిసి తిప్పారు. పైపు గుర్రుమని గాలి కక్కింది, తర్వాత నీళ్లు వచ్చాయి. మాడిన టమాట సాళ్లలోకి అవి పోతుంటే షమా ఏడుస్తూ చూసింది. ఆ చేలో అప్పుడు ఎవరూ లేరు.