క్లచ్ ప్లేటుకు రెండు ధరలు

"అక్కా, పుట్టినకాడి నుంచి ఒక్క మనిషినన్నా నమ్మినవా?" అని మెకానిక్ ముత్తయ్య ఒకసారి మొహం మీదే అడిగాడు.

సుశీలమ్మ కాసేపు నిజంగానే ఆలోచించింది. "మా ఆయన్ను నమ్మిన. పోయినంక మూడు అప్పులు తేలినయి," అంది.

భోపాలపట్నంలో ఆమెది కిరాణా కొట్టు. భర్త పోయాక అది నిలబడింది ఆమె అనుమానం మీదే. బస్తా వస్తే అడుగు నుంచి గుప్పెడు తీసి చూస్తుంది. డ్రైవర్ పొజ్జా డీజిల్ రసీదు తెస్తే బండెక్కి ముల్లు చూసి వస్తుంది. వ్యాపారానికి నమ్మకమే పెట్టుబడి అని సభల్లో చెప్పేవాళ్ళు ఎన్నడూ అరువు ఇచ్చి ఉండరు.

మొన్న ఎండాకాలం ఆమె పికప్ బండికి క్లచ్ జారడం మొదలైంది. ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. ఇప్పపువ్వు కాలం; బాసగూడ సంతకు ఉప్పూ నూనే తీసుకెళ్ళి పువ్వు కొనుక్కొచ్చేది ఆ బండే. ముత్తయ్య చూసి పదకొండున్నర వేలన్నాడు. సామాను ఎనిమిది, కూలి మూడున్నర.

ఆమె బేరమాడలేదు. బేరంలో ఎంత తగ్గుతాడో తెలుస్తుంది గాని అసలు ధర తెలియదు. మర్నాడు పొజ్జాను పంపింది. బావమరిదికి ఇలాంటి బండే ఉందని చెప్పి, వాళ్ళ పల్లెల్లో మాట్లాడే దోర్లీ భాషలోనే అడగమంది.

పొజ్జా తిరిగొచ్చి చెప్పాడు: "ఆరు వేలన్నడు అమ్మా. సామాను నాలుగు, కూలి రెండు."

సుశీలమ్మ గల్లాకు తాళం వేసి, పొజ్జాను వెంటబెట్టుకుని నేరుగా షెడ్డుకు నడిచింది.

"నాకు పదకొండున్నర, వాళ్ళకు ఆరా? ఏంది కథ?"

ముత్తయ్య తడబడలేదు. రెండు ప్లేట్లు తెచ్చి ముందర పెట్టాడు. "ఇది కొత్తది. ఇది పాతది, లైనింగ్ మార్పిచ్చిన. పల్లెల నుంచి వచ్చేటోళ్ళు ఈ సీజన్ దాటితే చాలంటరు. వాళ్ళకు ఇదే ఏస్త."

"నాకూ సీజన్ దాటితే చాలు. అదే ఎయ్."

"అమ్మా," అన్నాడు పొజ్జా, "బరువుతోని ఎత్తు మీద అది జారిందనుకో, బండి ఎనకకు పోతది. అందుల ఉండేది నేను. నువ్వు గల్లా కాడుంటవు."

ఆమె అతని వంక అనుమానంగా చూసింది. ముత్తయ్య ఇతనికేమైనా ఇచ్చాడా? ఎంత వెతికినా ఆ మొహంలో భయం తప్ప ఏమీ కనిపించలేదు. కొత్త ప్లేటును వేలితో చూపించింది.

"సామాను సరే. కూలి సంగతేంది? అవే బోల్టులు, అదే పాన. నాకు మూడున్నర, వాళ్ళకు రెండు?"

ఈసారి ముత్తయ్య మెడ గోక్కున్నాడు. "నువ్వు పొజ్జావోళ్ళ కాడ పువ్వు కొనే ధరా, దంతెవాడ సేటుకు అమ్మే ధరా ఒకటేనా అక్కా?"

"అది యాపారం."

"ఇదీ గదే."

పొజ్జా ఇద్దరినీ చూసి పగలబడి నవ్వాడు. అతనికి మొదట్నుంచీ తెలియనిది ఏదీ అక్కడ బయటపడలేదు.

చివరికి కొత్త ప్లేటు, పల్లెవాళ్ళ కూలి: పది వేలకు తెగింది. ఆరు వేలు చేతిలో పెట్టి, నెల రోజులు బండి ఆగకుండా తిరిగితే మిగతాది ఇస్తానంది సుశీలమ్మ.

నెల దాటింది. బండి ఎక్కడా ఆగలేదు. ముత్తయ్యకు నాలుగు వేలు ఇంకా బాకీ ఉంది.